పంటిలో పుట్టినూరు

మూడు వేల నాలుగు వందల ఏళ్ల కిందట చనిపోయిన ఓ అమ్మాయి. పేరు తెలియదు. ఎముకలు మిగల్లేదు. ఉన్నదల్లా కాస్త జుట్టు, కొన్ని పళ్లు, ఒంటిమీది బట్టలు. వాటినే సాక్షులుగా పెట్టుకుని ఆమె ఏ నేల మీద పుట్టిందో, ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పారు డెన్మార్క్ శాస్త్రవేత్త కరీన్ ఫ్రెయ్. ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి, పొలాల్లో చల్లే సున్నం ఆ కథను మళ్లీ మొదటికి తెచ్చింది!

1921 ఫిబ్రవరి 24. డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతంలో ఎగ్ట్‌వెడ్ అనే పల్లె. పీటర్ ప్లాట్జ్ అనే రైతు తన పొలంలో మిగిలిపోయిన ఓ పాత మట్టిదిబ్బను తొలగిస్తున్నాడు. మట్టి తీస్తుంటే పెద్ద దుంగలాంటిది బయటపడింది. అది దుంగ కాదు, శవపేటిక. ఓక్ చెట్టు మానును నిలువునా చీల్చి, లోపల తొలిచి చేసింది. సంగతి కోపెన్‌హాగెన్‌లోని నేషనల్ మ్యూజియానికి చేరింది. పేటికను అక్కడికి తరలించి తెరిచారు.

లోపల ఆవుతోలు పరిచి పడుకోబెట్టిన ఓ అమ్మాయి. వయసు 16-18 ఏళ్ల మధ్య. ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. పొట్టిగా కత్తిరించిన లేతరంగు జుట్టు. చక్కగా తీర్చిన గోళ్లు. పొట్టి చేతుల ఉన్ని రవిక, ఉన్ని పేటలు వరసగా వేలాడే చిన్న లంగా, నడుముకి పళ్లెంలా మెరిసే కంచుబిళ్ల, చేతులకు కడియాలు, చెవికి పోగు, బెల్టుకు తగిలించిన కొమ్ము దువ్వెన. పక్కనే ఓ పువ్వు. వేసవిలో పూసే రకం కాబట్టి ఆమెను ఎండాకాలంలో సాగనంపారని తెలిసింది. బెరడుతో చేసిన చిన్న బకెట్లో గోధుమలు, తేనె, అడవిపళ్లతో పులియబెట్టిన పానీయం తాలూకు మడ్డి.

ఆమె కాళ్ల దగ్గర ఇంకొకటి కనిపించింది. చిన్న బట్టమూట. విప్పితే కాలిన ఎముకలు. అయిదారేళ్ల పసివాళ్లెవరివో!

పేటిక చేసిన చెట్టు వలయాలను లెక్కగట్టి అది క్రీస్తుపూర్వం 1370 నాటిదని తేల్చారు. అంటే కాంస్యయుగం. ఆ చిన్న లంగా చూసి 1920ల్లో కొందరు నోళ్లు నొక్కుకున్నా, క్రమంగా ‘ఎగ్ట్‌వెడ్ అమ్మాయి’ డేన్లకు ఇంటిపిల్ల అయిపోయింది. బడిపిల్లలకు పాఠమైంది. మ్యూజియంలో ఆమె అద్దాలపెట్టె ముందు ఆగకుండా వెళ్లేవాళ్లు అరుదు. డెన్మార్క్ మట్టిలో దొరికింది కాబట్టి డెన్మార్క్ పిల్లే అనుకున్నారంతా. అనుమానించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

దాదాపు తొంభై ఏళ్ల తర్వాత ఆ అనుమానం వచ్చింది. అదీ ఆమెను చూసి కాదు... ఆమె కట్టుకున్న బట్టను చూసి!

నేల పెట్టే సంతకం

కరీన్ మార్గరీటా ఫ్రెయ్ చేసిన పని అర్థం కావాలంటే ముందు స్ట్రాన్షియం సంగతి తెలియాలి. ఇదో లోహం. రాళ్లలో, మట్టిలో, నీళ్లలో కాస్త కాస్తగా ఉంటుంది. ఇందులో రకాలున్నాయి. గుణం ఒకటే, బరువులోనే తేడా. ఒక కడుపున పుట్టిన అన్నదమ్ముల్లాంటి ఈ రకాలనే ఐసోటోపులంటారు. వీటిలో మనకు కావాల్సినవి రెండు... స్ట్రాన్షియం-87, స్ట్రాన్షియం-86.

86 ఎప్పుడూ ఉన్నంతే ఉంటుంది. 87 మాత్రం పెరుగుతుంది. రాతిలో ఉన్న రుబీడియం అనే మరో మూలకం కోట్ల ఏళ్లపాటు నెమ్మదిగా క్షీణిస్తూ స్ట్రాన్షియం-87గా మారుతుంటుంది. అందుకే పాత గ్రానైట్ బండల్లో ఈ రెండింటి నిష్పత్తి ఎక్కువ. సముద్రపు అడుగున పేరుకున్న సుద్దరాళ్లలో తక్కువ. ఏ ప్రాంతపు నేలకు ఆ ప్రాంతపు అంకె. ఓ రకంగా అది నేల పెట్టే సంతకం.

ఆ సంతకం మనిషి ఒంట్లోకి ఎలా వస్తుంది? తిండితో, నీళ్లతో. రాయి అరిగి మట్టవుతుంది. మట్టిలోంచి పైరులోకి, పైరు నుంచి పశువులోకి, అక్కడి నుంచి మన కంచంలోకి వస్తుంది. స్ట్రాన్షియానికి కాల్షియం పోలికలుంటాయి. దాంతో ఒళ్లు దాన్ని కాల్షియమే అనుకుని పళ్లలో, ఎముకల్లో దాచుకుంటుంది.

ఎముక జీవితాంతం అరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. పంటి మీది ఎనామిల్ అలా కాదు. చిన్నప్పుడు ఒకసారి తయారైందంటే అంతే, మళ్లీ మారదు. మొదటి దవడపన్ను ఎనామిల్ తయారయ్యేది మూడునాలుగేళ్ల వయసులోపే. ఆ పసితనంలో ఏ నేల పంట తిన్నామో, ఏ బావి నీళ్లు తాగామో ఆ లెక్క అందులో ఉండిపోతుంది. కరీంనగర్ గ్రానైట్ గుట్టల పక్కన పెరిగిన పిల్లకీ, గోదావరి ఒండ్రుమట్టి మీద పెరిగిన పిల్లకీ ఈ అంకె ఒకటి కాదన్నమాట. ఇప్పుడంటే పంజాబ్ గోధుమలు, సీసా నీళ్లు అన్ని ఊళ్లకూ వస్తున్నాయి కానీ, ఆ రోజుల్లో ఊరి తిండే తిండి!

పురావస్తు తవ్వకాల్లో దొరికిన మనుషుల అవశేషాలను ఇలా ప్రయోగశాలలో పరీక్షించి, వాళ్లెలా బతికారో తెలుసుకునే చదువునే బయోఆర్కియాలజీ అంటున్నారు. అందులో ఐసోటోపుల శాఖ వయసు అయిదు దశాబ్దాలే. 1977లో జాన్ వోగెల్, నికొలాస్ వాన్ డెర్ మెర్వె అనే ఇద్దరు పాత ఎముకల్లోని కార్బన్ చూసి, న్యూయార్క్ ప్రాంతపు ఆదివాసులు ఎప్పటి నుంచి మొక్కజొన్న తింటున్నారో చెప్పారు. మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి... ఇవి గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరు ఒకటి. వరి, గోధుమలది ఇంకొకటి. కాబట్టి అన్నం తిన్న ఒంటికీ, జొన్నరొట్టె తిన్న ఒంటికీ తేడా ఎముకలో తెలిసిపోతుంది. మనిషి ఊరు మారాడా అన్నది తెలుసుకోవడానికి స్ట్రాన్షియం వాడొచ్చని 1985లో జొనాథన్ ఎరిక్సన్ చూపించారు. ఆ దారిలో చాలామంది పళ్లు, ఎముకలు పట్టుకున్నారు. కరీన్ పట్టుకున్నది ఉన్ని దారం.

బట్టలతో మొదలు

డెన్మార్క్‌కు ఓ అదృష్టం ఉంది. వేల ఏళ్ల నాటి బట్టలు అక్కడి బురద నేలల్లో, ఓక్ పేటికల్లో చెక్కుచెదరకుండా మిగిలాయి. నేత ఎలా నేశారు, కుట్టు ఎలా కుట్టారు అని నిపుణులు ఎప్పటి నుంచో చూస్తున్నారు. కానీ ఆ ఉన్ని ఏ ఊరి గొర్రెది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతి లేదు. కోపెన్‌హాగెన్‌లో పరిశోధన చేస్తున్న కరీన్ దాని మీద పడ్డారు.

గొర్రె మేసిన గడ్డిలోని స్ట్రాన్షియం దాని ఉన్నిలోకీ వస్తుంది. అది సులువే. కష్టమెక్కడంటే, ఆ ఉన్ని వేల ఏళ్లు మట్టిలో నానింది. ఆ మట్టి తాలూకు స్ట్రాన్షియం కూడా దానికి అంటుకుని ఉంటుంది. పైగా అద్దకపు రంగులు. ఉన్నిలోపలి సంతకం పాడవకుండా పైన పట్టిన మురికిని మాత్రమే వదిలించాలి. చాకిరేవు పనే... కాకపోతే పోచంత దారంతో, ప్రయోగశాలలో. కరీన్ రకరకాల రసాయనాలతో కడిగి చూసి ఓ పద్ధతి తయారు చేసుకున్నారు. 2009లో దాన్ని ప్రకటించారు.

మొదట పరీక్షించిన వాటిలో హుల్డర్‌మోస్ మహిళ బట్టలున్నాయి. 1879లో ఓ బురద నేలలో దొరికిన ఈమె ఇనుపయుగం నాటిది. తోలు పైవస్త్రాలు, గళ్ల లంగా, మెడచుట్టూ శాలువా... అన్నీ పాడవకుండా దొరికాయి. ఇన్నాళ్లూ అన్నీ స్థానికమే అనుకున్న ఆ దుస్తుల్లో కొన్ని పోగులు ఆ చుట్టుపక్కలవి కావని కరీన్ పరీక్షల్లో తేలింది. బట్ట దూరం నుంచి వచ్చిందంటే... కట్టుకున్న మనిషి?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఓ పటం కావాలి. డెన్మార్క్‌లో ఎక్కడ ఏ అంకె ఉందో తెలియకుండా ‘ఇది ఇక్కడిది కాదు’ అని ఎలా అనగలరు? అందుకే భూరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఫ్రెయ్‌తో కలిసి దేశమంతటా వాగులు, చెరువుల నుంచి నీళ్లు పట్టి పరీక్షించారు. 2011లో ఆ పటం అచ్చయింది. బాల్టిక్ సముద్రంలో దూరంగా ఉన్న బోర్న్‌హోమ్ దీవిని పక్కనపెడితే దేశం మొత్తం దాదాపు 0.708 నుంచి 0.711 మధ్య ఉంది. తేడా అంతా దశాంశ బిందువు తర్వాత మూడో అంకెలో! ఆ మూడో అంకె మీదే ఆ తర్వాతి కథంతా నిలబడింది.

23 సెంటీమీటర్ల డైరీ

నేషనల్ మ్యూజియంలో పరిశోధకురాలైన కరీన్, ఎగ్ట్‌వెడ్ అమ్మాయి వైపు తిరిగారు. ఓక్ పేటికలోని ఆమ్లపు తడి ఉన్నిని, జుట్టును, గోళ్లను కాపాడింది కానీ ఎముకలను కరిగించేసింది. దవడపన్ను ఎనామిల్ మాత్రం మిగిలింది. అందులోంచి ఓ చిన్న ముక్క తీసుకున్నారు. బొటనవేలి గోరు తీసుకున్నారు. బట్టల్లోని దారాలు, ఆవుతోలు, మూటలోని పసివాళ్ల ఎముక కూడా.

అన్నిటికన్నా విలువైంది జుట్టు. దాని పొడవు 23 సెంటీమీటర్లు. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఆ వెంట్రుకల్లో ఆమె చివరి రెండేళ్ల జీవితం నెలల వారీగా ఉంది. కొస దగ్గర రెండేళ్ల కిందటి సంగతి. కుదురు దగ్గర ఆఖరి రోజులు. కరీన్ దాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కనూ విడిగా పరీక్షించారు.

2015 మే నెలలో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పంటిలోని అంకె డెన్మార్క్ పటంలో ఇమడలేదు. అంటే ఆమె పుట్టి పెరిగింది అక్కడ కాదు! బట్టల్లోని ఉన్ని కూడా బయటిదే. జుట్టు చెప్పిన కథ ఇంకా చిత్రం. రెండేళ్ల కిందట ఆమె బయటి ప్రాంతంలో ఉంది. తర్వాత డెన్మార్క్ తరహా నేలకు వచ్చింది. తొమ్మిది పది నెలలు ఉంది. మళ్లీ వెనక్కి వెళ్లి కొన్ని నెలలు గడిపింది. తిరిగి బయల్దేరి ఎగ్ట్‌వెడ్ చేరింది. చేరిన నెల రోజులకే కన్నుమూసింది. దారిలో కొన్నాళ్లు సరైన తిండి లేదనడానికి కూడా జుట్టులోనే ఆనవాళ్లు దొరికాయి. మూటలోని పసిప్రాణం కూడా ఎగ్ట్‌వెడ్‌కు చెందింది కాదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? అంకెలు సరిపోయే ప్రాంతాలు ఒకటికన్నా ఎక్కువే. వాటిలో జర్మనీ నైరుతి మూలనున్న బ్లాక్ ఫారెస్ట్ వైపు మొగ్గారు కరీన్ బృందం. ఎగ్ట్‌వెడ్‌కు అది దాదాపు 800 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ముంబయికన్నా దూరం. ఎక్కువ భాగం కాలినడకన, నదుల్లో పడవల మీద. పద్దెనిమిదేళ్లయినా నిండని పిల్ల రెండేళ్లలో ఆ దారిని ఒకటికి మూడుసార్లు తొక్కిందన్నమాట!

పుట్టిల్లు, మెట్టినిల్లు

ఎందుకంత దూరం? బృందంలో ఒకరైన పురావస్తు శాస్త్రవేత్త క్రిస్టియన్ క్రిస్టియన్‌సెన్ ఓ వివరణ ఇచ్చారు. ఆ కాలంలో డెన్మార్క్‌లో రాగి, తగరం దొరికేవి కావు. కంచు కావాలంటే దక్షిణం నుంచి రావాలి. బదులుగా ఇవ్వడానికి వాళ్ల దగ్గర సముద్రం ఒడ్డున దొరికే అంబర్ ఉంది. తేనెరంగులో మెరిసే చెట్టుజిగురు శిల అది. దక్షిణాన దానికి ఎంతో గిరాకీ. అంత దూరపు బేరం నిలవాలంటే నమ్మకం ఉండాలి. నమ్మకానికి వియ్యం! దక్షిణ జర్మనీ పెద్దింటి పిల్లను జట్లాండ్ పెద్దింటికి ఇచ్చి ఉంటారని ఆయన ఊహ.

ఈ ఊహలో మనవాళ్లకు కొత్తేమీ కనిపించదు. పొరుగు రాజ్యంతో పొత్తు కోసం పిల్లనిచ్చిన కథలు మన చరిత్రలోనూ బోలెడు. పెళ్లయి మెట్టినింటికి వచ్చిన పిల్ల కొన్నాళ్లకు పుట్టింటికి వెళ్లి రావడమూ మామూలే. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. పన్ను చెప్పేది అంకె. వియ్యం అన్నది మనుషులు ఆ అంకెకు చెప్పుకున్న కథ. రెండూ ఒకటి కాదు.

ఏమైతేనేం, ప్రపంచమంతా పత్రికల్లో ఎగ్ట్‌వెడ్ అమ్మాయి ప్రయాణం మార్మోగింది. డేన్ల ఇంటిపిల్ల కాస్తా పరదేశి అయిపోయింది. కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ సాయంతో కాంస్యయుగపు స్త్రీల కథలను వెలికితీసే పెద్ద ప్రాజెక్టు కరీన్ చేతికొచ్చింది. 2017లో రెండో కథ బయటికొచ్చింది. 1935లో స్క్రిడ్‌స్ట్రుప్ దగ్గర దొరికిన మరో యువతిది. పొడవాటి జుట్టును ఎత్తుగా అలంకరించి వల కట్టారు. చెవుల దగ్గర బంగారు చుట్లు. వయసు 17-18. ఈమె కూడా బయటి నుంచే వచ్చిందని, చనిపోవడానికి 42 నుంచి 47 నెలల ముందు, అంటే పదమూడు పద్నాలుగేళ్ల వయసులో ఆ ఊరు చేరిందని కరీన్ బృందం చెప్పింది. కాకపోతే ఎగ్ట్‌వెడ్ అమ్మాయిలా అటూ ఇటూ తిరగలేదు. వచ్చిన చోటే ఉండిపోయింది.

ఇద్దరు అమ్మాయిలు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఇద్దరూ బయటివాళ్లే. కాంస్యయుగంలో ఇల్లు దాటి దూరాలు వెళ్లింది మగవాళ్లే అన్న పాత అభిప్రాయానికి పెద్ద దెబ్బే తగిలింది.

సున్నం తెచ్చిన చిక్కు

2019 మార్చి. డెన్మార్క్‌లోనే ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ థామ్సెన్, రాస్ముస్ ఆండ్రియాసెన్ ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ఓ వ్యాసం రాశారు. వాళ్లు అమ్మాయి పంటిని తప్పుపట్టలేదు. జుట్టునూ తప్పుపట్టలేదు. పటాన్ని తప్పుపట్టారు!

జట్లాండ్ పడమటి నేలలు ఇసక నేలలు. పులుపు ఎక్కువ. పంట సరిగ్గా రావాలంటే సున్నం చల్లాలి. అక్కడి రైతులు తరతరాలుగా ఆ పనే చేస్తున్నారు. ఆ సున్నం ఎక్కడిది? సముద్రపు సుద్దరాయి నుంచి వచ్చింది. దాని నిండా స్ట్రాన్షియం, అదీ తక్కువ నిష్పత్తిది. అది మట్టిలోకి దిగి, వాగుల్లోకి చేరి, అసలు అంకెను కిందికి లాగేసింది. సేద్యం చేసే పొలాల పక్క వాగు నీళ్లకూ, ఎప్పుడూ దున్నని నేలల నీళ్లకూ తేడా ఉందని వాళ్లు కొలిచి చూపించారు.

దీని అర్థం ఏమిటి? కరీన్ పటం నేటి నీళ్లతో గీసింది. ఆ నీళ్లలో సున్నం కలిసింది కాబట్టి అంకెలు తక్కువగా వచ్చాయి. కాంస్యయుగంలో సున్నం లేదు. అప్పటి అంకెలు ఎక్కువ. ఆ లెక్కన చూస్తే అమ్మాయి పంటిలోని ‘పరాయి’ అంకె ఎగ్ట్‌వెడ్ చుట్టుపక్కలే దొరుకుతుంది. 800 కిలోమీటర్ల ప్రయాణం అక్కర్లేదు. ఆమె, స్క్రిడ్‌స్ట్రుప్ యువతి కూడా తమ సమాధికి పది కిలోమీటర్ల లోపే బతికి ఉండొచ్చు. జుట్టులోని హెచ్చుతగ్గులంటారా... ఎత్తు నేల నుంచి లోయకు, లోయ నుంచి ఎత్తుకు మారినా చాలు!

దేశాలు దాటిన రాచకన్య ఒక్క వ్యాసంతో పక్క లోయ దాకా వెళ్లొచ్చిన పల్లెపిల్ల అయిపోయింది. చిక్కు అక్కడితో ఆగలేదు. సున్నం చల్లే దేశం డెన్మార్క్ ఒక్కటే కాదు. నేటి నీళ్లతో, మట్టితో పటాలు గీసి పాత మనుషుల ఊళ్లు చెప్పిన అధ్యయనాలన్నిటి మీదా అదే ప్రశ్న వాలింది.

మళ్లీ మట్టిలోకే

ఇలాంటప్పుడు మాటకు మాట అనుకోవడం తేలిక. కరీన్, రాబర్ట్ ఫ్రెయ్‌లు మాత్రం మళ్లీ మట్టిలోకే దిగారు. సున్నం తాలూకు స్ట్రాన్షియం నేలలో ఎంత లోతుకు వెళుతోందో పొరపొరగా చూశారు. జలశాస్త్ర నిపుణుడు సోరెన్ జెస్సెన్‌తో కలిసి 2020లో ఫలితాలు ప్రకటించారు. సున్నం ప్రభావం పైపొరలోనే చిక్కుకుపోతోందని, కింది నీళ్లు సహజంగానే ఉన్నాయని, వాగుల్లోకి ఊరేది ఆ నీళ్లే కాబట్టి వాటితో గీసిన పటాన్ని పక్కన పెట్టాల్సిన పని లేదని వాళ్ల మాట.

ఈలోగా 2019 ఆగస్టులో కరీన్ బృందం ఇంకో పెద్ద పని పూర్తి చేసింది. ఒకరిద్దరు కాదు, క్రీస్తుపూర్వం మూడు, రెండు సహస్రాబ్దుల నాటి 88 మంది అవశేషాలను పరీక్షించి ‘ప్లాస్ వన్’ పత్రికలో ప్రచురించింది. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతం నుంచి బయటి అంకెల్లో వైవిధ్యం పెరిగిందని, మనుషులు ముందుకన్నా రకరకాల చోట్ల నుంచి వచ్చారని అందులో తేలింది. సరిగ్గా డెన్మార్క్‌కు లోహం పెద్దఎత్తున రావడం మొదలైన కాలమది. ఒక్క అమ్మాయి కథ మీద అనుమానం ఉన్నా, ఆ కాలంలో రాకపోకలు పెరిగాయన్న మాటకు ఇది బలమిచ్చింది. అయితే ఈ లెక్కకూ పటమే ఆధారం. పటం మీద వాదం ముగియనంత కాలం దీనిమీదా ఓ కన్ను ఉంటుంది.

‘కాదు’ అనగలదు

ఇంతకీ ఎగ్ట్‌వెడ్ అమ్మాయి ఎవరి పిల్ల?

ఒక్క ముక్కలో చెప్పలేం. స్ట్రాన్షియం తీరే అంత. అది ఆధార్ కార్డు కాదు, ఊరి పేరు చెప్పదు. ‘ఫలానా చోటు కాదు’ అని గట్టిగా చెప్పగలదు, అదీ పటం సరిగ్గా ఉంటేనే. ‘ఫలానా చోటే’ అని చెప్పలేదు. ఒకే అంకె ఉన్న నేలలు ఎన్నో ఉంటాయి. బ్లాక్ ఫారెస్ట్ అన్నది వాటిలో ఒకటి మాత్రమే. అది ఎంచుకోవడానికి కారణం పంట్లో లేదు. ఆ కాలపు వర్తకం, నగల పోలికల్లాంటి వేరే ఆధారాల్లో ఉంది. ఇక జుట్టు మూడు వేల ఏళ్లు తడిలో నానింది. ఎంత కడిగినా నేలనీటి ప్రభావం పూర్తిగా పోయిందా అన్న అనుమానం కొందరు నిపుణులకు ఉంది.

అలాగని చేసిందంతా వృథా అనుకుంటే పొరపాటు. కరీన్ బట్టల పని మొదలుపెట్టేనాటికి పాత ఉన్ని ఎక్కడిదో చెప్పే దారే లేదు. వెంట్రుకను నెలలుగా విడదీసి కాంస్యయుగపు మనిషి చివరి రెండేళ్లు చదవొచ్చని ఎవరూ అనుకోలేదు. డెన్మార్క్‌కు అలాంటి పటం లేదు. పటం ఉంది కాబట్టే దాన్ని తప్పుపట్టగలిగారు. తప్పుపట్టారు కాబట్టే సున్నం నేలలో ఏ లోతు దాకా వెళుతుందో తెలిసింది. ఇప్పుడు ఈ రంగంలో ఎవరు పటం గీసినా సేద్యం చేయని నేల ఎక్కడుందా అని ముందు వెతుక్కోవాల్సిందే.

నేషనల్ మ్యూజియంలో ప్రొఫెసర్‌గా ఎదిగిన కరీన్ పనంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఇది ఎక్కడిది? మొదట దారాన్ని అడిగారు, తర్వాత పంటిని, జుట్టును, ఆఖరికి నేలను. ఇక మూటలోని పసివాళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు. 16-18 ఏళ్ల అమ్మాయికి అయిదారేళ్ల బిడ్డ ఉండే వీల్లేదు. మరి తోబుట్టువా? వెంట వచ్చిన పిల్లా? చితి మంటకు చాలా ఆనవాళ్లు పోయాయి. ఆ చిన్న ఎముకలు మాత్రం ఇప్పటికీ ఆమెతోపాటే ఉన్నాయి.

-----

మన దగ్గరా ఓ కథ!

ఐసోటోపులు మన దేశంలోనూ ఓ చిక్కుముడి విప్పడానికి సాయపడ్డాయి. ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్లకు పైఎత్తున రూప్‌కుండ్ సరస్సు ఉంది. దాని చుట్టూ వందలాది మనుషుల ఎముకలున్నాయని 1942లో ఓ అటవీ ఉద్యోగి కంటపడటంతో లోకానికి తెలిసింది. యాత్రకు వెళ్లినవాళ్లంతా ఒకే వడగళ్లవానకు బలైపోయారని చాలాకాలం అనుకున్నారు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్‌తోపాటు పలు దేశాల పరిశోధకులు అక్కడి 38 మంది డీఎన్‌ఏను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 23 మందివి మన ఉపఖండపు మూలాలే. వాళ్లు వెయ్యేళ్లకు పైగా ముందు, అదీ ఒకేసారి కాకుండా వేర్వేరు సందర్భాల్లో చనిపోయారు. ఆశ్చర్యం ఏమిటంటే, మరో 14 మందివి గ్రీస్, క్రీట్ లాంటి తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలు! వాళ్లు పోయింది సుమారు 1800 ప్రాంతంలో. ఇంకొకరు ఆగ్నేయాసియా మనిషి.

డీఎన్‌ఏ చెప్పేది వంశం. మనిషి ఏం తిని పెరిగాడో చెప్పేది ఐసోటోపులు. మనవాళ్ల ఎముకల్లో రకరకాల తిండి తాలూకు గుర్తులున్నాయి. కొందరు వరి, గోధుమ లాంటివి తిన్నారు, కొందరు చిరుధాన్యాలు తిన్నారు. మధ్యధరా మూలాల వాళ్ల ఎముకల్లో చిరుధాన్యాల ఆనవాలు దాదాపు లేదు. వంశమే కాదు, తిండి కూడా వేరన్నమాట. అంత దూరం నుంచి అక్కడికి ఎందుకొచ్చారన్నది మాత్రం ఇంకా తేలలేదు.

-----

ఏ భాగంలో ఏ వయసు?

మొదటి దవడపన్ను: పుట్టుకకు కాస్త ముందు నుంచి మూడునాలుగేళ్ల దాకా.

రెండో దవడపన్ను: ఇంచుమించు మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల దాకా.

జ్ఞానదంతం: బాల్యం చివర నుంచి పదమూడు పద్నాలుగేళ్ల దాకా. ఈ మూడూ దొరికితే మనిషి చిన్నతనంలో ఊరు మారాడా లేదా అన్నది తెలుస్తుంది.

ఎముక: మారుతూ ఉంటుంది కాబట్టి చివరి పదేళ్లు, అంతకన్నా ఎక్కువ కాలపు సగటు.

చేతిగోరు: చివరి ఆర్నెల్లు.

జుట్టు: సెంటీమీటరుకు ఒక నెల. ఎంత పొడవు జడ ఉంటే అన్ని నెలల లెక్క!